మన పేరు రాయికి పెట్టారు, రాయి లెక్క మాత్రం మనకి చెప్పలేదు



ముందు ఒక రాయి సంగతి చెప్తాను. తూర్పు కనుమల్లో ఎక్కడ గునపం వేసినా తగిలే రాయి అది. చారలు చారలుగా ఉంటుంది, మధ్యమధ్యలో ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తాయి. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో దాని పేరు ఖోండలైట్. 1902లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి టి.ఎల్. వాకర్ పెట్టిన పేరు. ఎవరి పేరది? ఖోండు ఆదివాసులది. మన దగ్గర కోదు అంటాం, సామంత అంటాం. ఆ మనుషుల పేరే రాయికి పెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివే పిల్లోడినడిగినా ఖోండలైట్ అంటే ఏంటో చెప్తాడు. ఆ రాయి మీద ఇల్లు కట్టుకుని బతికే మనిషికి మాత్రం తన కొండలో ఏముందో, ఎంతుందో, దాని ధరెంతో ఒక్క కాగితం కూడా చేరలేదు.

ఇంకోటి వినండి. బొర్రా గుహల్ని 1807లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడని పర్యాటక పుస్తకాల్లో ఇప్పటికీ రాస్తున్నారు. అసలు జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో! పుట్టని ఆఫీసు నుంచి వచ్చిన దొర గుహ కనిపెట్టాడంటే నమ్ముతారు గానీ, ఆవుల వెంట పోయిన మనోళ్లకి ఆ గుహ ముందే తెలుసంటే మాత్రం అది కథ అంటారు. మన జ్ఞానానికి వీళ్లిచ్చే విలువ అదీ.

నా చిన్నప్పుడు మా ఊరికి ఒకాయన వచ్చేవాడు. భుజాన సంచి, చేతిలో సుత్తి, మెడలో దిక్సూచి. ఏ గెడ్డ దాటితే ఏ రాయి దొరుకుతుందో ఆయనకి చూపించింది మా పెద్దోళ్లే. రాళ్ల సంచులు మోసింది కూడా వాళ్లే. రోజుకి ఇంత అని కూలి ఇచ్చాడు, మంచిగానే మాట్లాడాడు, వెళ్లిపోయాడు. ఆ రాళ్లలో ఏం తేలిందో మాకు ఇప్పటికీ తెలీదు. కొన్నేళ్లకి జీపుల్లో వేరేవాళ్లు వచ్చారు. వాళ్ల దగ్గర మా కొండ మ్యాపు ఉంది. మా దగ్గర లేదు.

అందుకే మనలో ఒక మాట స్థిరపడిపోయింది: సర్వేవాడొస్తే వెనకాలే కంపెనీవాడొస్తాడు, కాబట్టి సర్వేవాణ్ణి ఊళ్లోకి రానివ్వొద్దు. ఈ మాట ఊరికే పుట్టలేదు, దెబ్బలు తిని నేర్చుకున్నదే. అయినా ఇవాళ నేను మీతో గొడవ పెట్టుకోడానికే రాస్తున్నాను. సర్వేవాణ్ణి తరిమితే సరిపోదు. సర్వేని మనం లాక్కోవాలి. ఆ జ్ఞానం మన కొండది, మన డబ్బుతో నడిచేది, మనకే ముందు చెప్పాల్సింది. ఎందుకో ఓపిగ్గా చదవండి.

సమత తీర్పు దేని గురించి?

ఈ ప్రశ్న మన మీటింగుల్లో అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది బాక్సైట్ గురించి అంటారు. కాదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకి మూలం అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ ఊళ్లలో, నిమ్మలపాడు లాంటి చోట్ల, ఇచ్చిన కాల్సైట్ లీజులు. తెల్లటి రాయి. రంగులు, గాజు, పింగాణీ తయారీలో వాడతారు. గిరిజనేతరులకి ఆ లీజులు ఇవ్వడం 1/70 చట్టానికి విరుద్ధం, ప్రభుత్వం కూడా ఆ చట్టం కింద ఒక 'వ్యక్తే', కాబట్టి ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి కట్టబెట్టే హక్కు దానికి లేదు అని కోర్టు చెప్పింది.

ఇంతవరకు అందరికీ తెలుసు. మనం మర్చిపోయే రెండో సగం ఉంది. ఆదివాసులు తవ్వుకోవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. పూర్తిగా ఆదివాసులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలు తవ్వుకోవచ్చు. తీర్పుకి ముందే, 1991లో, గనుల చట్టం 11వ సెక్షన్‌కి మన రాష్ట్రం సవరణ తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసులకి, ఆదివాసులే ఉన్న సొసైటీలకి, ప్రభుత్వ సంస్థలకి తప్ప ఎవరికీ లీజు ఇవ్వకూడదని అందులో ఉంది.

దీనికి ఇంకొకటి కలపండి. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాల్ని చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించింది. కాల్సైట్ అందులో ఉంది. చిన్నతరహా ఖనిజం అంటే 1996 పీసా చట్టం నేరుగా వర్తిస్తుంది. లీజు ఇచ్చే ముందు గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫారసు చెయ్యాల్సిందే.

అంటే కాగితం మీద చూస్తే తాళం చెవి మన చేతుల్లోనే ఉంది. మరి ఇన్నేళ్లలో మన సొసైటీలు ఎన్ని తలెత్తుకుని గని నడిపాయి? మీ మండలంలో లెక్క పెట్టండి. వేళ్లు మిగిలిపోతాయి.

హక్కు ఎక్కడ ఆగిపోతోంది?

కలెక్టరాఫీసు దగ్గర ఆగిపోతోంది అంటారు కొందరు. అది నిజమే గానీ, అంతకంటే ముందు ఇంకోచోట ఆగుతోంది. సొసైటీ లీజుకి దరఖాస్తు పెట్టాలంటే ఆ కొండలో ఎంత సరుకుందో, ఏ నాణ్యతో చూపించాలి. మైనింగ్ ప్లాన్ కావాలి, అది గుర్తింపు ఉన్న నిపుణుడే తయారుచెయ్యాలి. 2012లో దీపక్ కుమార్ కేసు తీర్పు తర్వాత ఐదు హెక్టార్ల లోపు చిన్న లీజుకి కూడా పర్యావరణ అనుమతి కావాలి. అది ఉండాల్సిందే, నేను వద్దనడం లేదు. కానీ వీటన్నిటికీ లక్షలు కావాలి. మన సొసైటీ ఖాతాలో ఏముంటుంది? సభ్యత్వ రుసుము.

అప్పుడేమవుతుంది? మైదానం నుంచి ఒక పెద్దమనిషి దిగుతాడు. "నేను చూసుకుంటా తమ్ముడూ, నువ్వు సంతకం పెట్టు చాలు" అంటాడు. సర్వే ఖర్చు ఆయనదే, ప్లాన్ ఆయనదే, పొక్లెయిన్ ఆయనదే. బోర్డు మీద పేరు మాత్రం మనోడిది. రేపు కేసైతే జైలుకి పోయేది కూడా మనోడే. బినామీ దొంగసంతకంతో పుట్టదు, సర్వే కాగితం లేకపోవడంతో పుడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

గోదావరి ఒడ్డుకి వెళ్లి చూడండి. తెలంగాణ ఏజెన్సీలో ఇసుక రీచ్‌లు ఆదివాసీ ఇసుక సొసైటీల పేరు మీదే ఉంటాయి. వినడానికి ఎంత బాగుందో! రీచ్‌లో ఎంత ఇసుకుంది, ఎంత లోతు తీయొచ్చు, వానాకాలం వరద తిరిగి ఎంత తెచ్చిపెడుతుంది అనే లెక్క సొసైటీ అధ్యక్షురాలి చేతిలో ఉందా? ఆ లెక్క తెలిసినవాడే అక్కడ యజమాని. మిగతావాళ్లు కూలీలు, ఎన్ని రబ్బరు స్టాంపులున్నా సరే.

రంగురాళ్ల గోతుల దగ్గర కాసేపు నిలబడదాం

నర్సీపట్నం వైపు, గొలుగొండ మండలం కరక కొండ వైపు రంగురాళ్ల పేరు వినని వాళ్లుండరు. అలెగ్జాండ్రైట్, పిల్లికన్ను రాయి. రాత్రిళ్లు టార్చిలైట్లతో గోతుల్లోకి దిగుతారు. సొరంగాలు తవ్వుతారు, దన్ను కర్ర కూడా పెట్టరు. వాన పడితే మట్టి కూలుతుంది. ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ల మీద కూడా 'అక్రమ తవ్వకందారు' అని ముద్రే పడింది.

మీరే ఆలోచించండి. అతను ఎందుకు గుడ్డిగా తవ్వుతున్నాడు? ఆ రాళ్లు ఎక్కువగా పెగ్మటైట్ అనే రాతి ఈనెల్లో ఉంటాయి. ఈనె ఏ దిక్కుగా నడుస్తుంది, ఎంత వాలుగా దిగుతుంది, ఎక్కడ తెగిపోతుంది అన్నది శిక్షణ ఉన్నవాడు పైనుంచే చాలావరకు చెప్పగలడు. అది తెలీకే మనోడు పది గోతులు తవ్వితే ఒక్క గోతిలో దొరుకుతుంది. మిగతా తొమ్మిది గోతులూ కొండకి గాయాలు, తవ్వినోడికి సమాధులు. దొరికిన రాయి ధరెంతో కూడా అతనికి తెలీదు. దళారి వేలెత్తి ఎంత చూపిస్తే అంత. అదే రాయి సానబట్టాక జైపూర్ లాంటి బజార్లో ఎన్ని చేతులు మారుతుందో, ఎంతకి మారుతుందో అతని ఊహకి కూడా అందదు.

పోలీసులొస్తారు, అటవీశాఖ వస్తుంది, గోతులు పూడుస్తారు. మళ్లీ తవ్వుతారు. ఇన్నేళ్లలో ఆ కొండకి రాని ప్రభుత్వ మనిషి ఎవరైనా ఉన్నాడంటే, తవ్వేవాడి పక్కన కూర్చుని 'ఇక్కడ లేదురా బాబూ, అక్కడ మట్టి కూలుతుంది, ఈ రాయి విలువ ఇంత' అని చెప్పే మనిషే.

సర్వే మనకి ఏం చెయ్యగలదు?

గాల్లో మాటలొద్దు. నాలుగు పనులు చెప్తాను, నాలుగూ భూగర్భ శాస్త్రం రోజూ చేసే పనులే.

ఒకటి: చిన్న నిల్వల్ని చిన్నవాళ్ల కోసం కొలవడం. సర్వేలన్నీ పెద్ద కంపెనీకి సరిపడే నిల్వలు వెతుకుతాయి. ఐదెకరాల్లో దొరికే కాల్సైట్ సంచిని 'ఆర్థికంగా లాభం లేదు' అని రాసి పక్కన పెడతారు. ఎవరికి లాభం లేదు? వంద కోట్ల కంపెనీకి లేదు. ముప్పై కుటుంబాల సొసైటీకి అదే పదేళ్ల బతుకు.

రెండు: నాణ్యత చెప్పడం. కాల్సైట్ ధర దాని తెలుపు మీద, అందులోని కాల్షియం కార్బొనేట్ శాతం మీద ఆధారపడుతుంది. ప్రయోగశాల కాగితం చేతిలో ఉంటే కొనేవాడితో బేరమాడొచ్చు. లేకపోతే 'ఇది రెండో రకం' అని వాడు చెప్పిందే వేదం. లేటరైట్ పేరుతో బాక్సైట్ పోతోందా అన్న గొడవ కూడా అంతే, అల్యూమినా శాతం ఎవరు కొలిచారు, ఎవరి ముందు కొలిచారు అన్న దగ్గరే తేలుతుంది.

మూడు: ప్రాణం కాపాడటం. ఏ వాలు కూలుతుందో, గోతి గట్టుని ఎన్ని మెట్లుగా కోయాలో, ఏ రాతి దుమ్ములో సిలికా ఎక్కువో చెప్పాలి. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. సిలికోసిస్‌కి మందు లేదు. నీళ్లు చల్లి తవ్వితే దుమ్ము తగ్గుతుంది. ఈ ముక్క చెప్పడానికి కోట్లు అక్కర్లేదు.

నాలుగు: 'ఇక్కడ తవ్వొద్దు' అని చెప్పడం. ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఏ కొండ కడుపులో ఊటలున్నాయో, ఏ గెడ్డ ఎక్కడ పుడుతుందో మ్యాపు మీద గుర్తు పెట్టాలి. మంచి సర్వే అంటే తవ్వే చోటు చూపించేది మాత్రమే కాదు, తవ్వకూడని చోటుని కూడా సంతకంతో చూపించేది.

ఇది కల కాదు. ప్రపంచంలో సుమారు నాలుగున్నర కోట్ల మంది చేతి పనిముట్లతో, చిన్న యంత్రాలతో ఖనిజం తవ్వి బతుకుతున్నారని ప్రపంచ బ్యాంకు లెక్క. ఆఫ్రికాలో ఘనా దేశం 2006 ఖనిజ చట్టంలోనే చిన్న తవ్వకాలకి వేరుగా ప్రాంతాలు కేటాయించే ఏర్పాటు పెట్టింది, ఆ లైసెన్సు ఘనా పౌరులకే అని రాసింది. అలా కేటాయించే చోట బంగారం ఉందో లేదో చూసిపెట్టడం ప్రభుత్వ సర్వే పని అని అక్కడ ఒప్పుకున్నారు. అయితే అక్కడ అంతా బాగుందనుకోకండి. లైసెన్సు లేని 'గలామ్సే' తవ్వకాలు, పాదరసం, వెనక నుంచి బయటి పెట్టుబడి కలిసి ప్రా, అంకోబ్రా నదుల్ని బురదనీళ్లు చేశాయి. దాన్నుంచి నేర్చుకోవాల్సింది రెండూ. చిన్నవాడికి చోటు చూపించాలి, చూపించాక వదిలెయ్యకూడదు.

'మ్యాపు ఇస్తే కంపెనీకి దారి చూపించినట్టే కదా?'

ఈ ప్రశ్న మీ నోట్లో ఉందని తెలుసు. సూటిగా చెప్తాను. కంపెనీకి దారి ఎప్పుడో తెలిసిపోయింది. 1:50,000 కొలతలో దేశం మ్యాపులు ఉన్నాయి. జియలాజికల్ సర్వే భూకోశ్ పోర్టల్లో ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం అని ఇంకోటి తెరిచారు, ఎవరైనా చూసుకోవచ్చన్నారు. ఎవరైనా అంటే ఎవరు? ఇంగ్లీషు వచ్చినవాడు, కంప్యూటర్ ఉన్నవాడు, ఆ గుర్తులు చదవడానికి మనిషిని పెట్టుకోగలిగినవాడు. దాచిపెట్టిన రహస్యం ఏదైనా ఉంటే అది మనకి మాత్రమే రహస్యం. తలుపు కంపెనీకి బార్లా తెరిచే ఉంది. మనం మన తలుపు మూసుకుని కాపాడుకున్నామనుకుంటున్నాం.

'మరి బాక్సైట్‌కి కూడా సరే అంటావా?' అననే అనను. జెర్రెల, గాలికొండ, రక్తకొండల విషయంలో మన మాట మారదు. ఆ కొండల నెత్తిన పరుచుకుని ఉన్న రాతి పొరను గీకేస్తే ఊటలు పోతాయి, కాఫీ తోటలు పోతాయి, కింది మైదానాలకి నీళ్లు కూడా పోతాయి. అది చిన్న తవ్వకం కానే కాదు, కొండ తల తీసెయ్యడం. 2015 నవంబర్‌లో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లకి అనుమతిస్తూ జీవో 97 ఇచ్చినప్పుడు మనం ఏం చేశామో గుర్తుంది కదా? 2019లో దాన్ని రద్దు చెయ్యక తప్పలేదు. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలూ వద్దన్నాయి. 'వద్దు' అనే హక్కు ఉన్నవాడికే 'ఈ ఐదెకరాలు, ఈ పద్ధతిలో, మేమే' అనే హక్కు కూడా ఉంటుంది. రెండూ ఒకే గ్రామసభ నోటి మాటలు. సర్వే కాగితం ఉంటే 'వద్దు' కూడా ఇంకా గట్టిగా అనొచ్చు, ఇదిగో ఊట, ఇదిగో మీ సర్వే సంతకం అని.

'ఆదివాసీ తవ్వినా కొండ కొండే కదా, పాడవదా?' పాడవుతుంది. ఒప్పుకుంటాను. మనవాడు తవ్వాడని గెడ్డ క్షమించదు. అందుకే లెక్క కావాలంటున్నాను, హద్దు కావాలంటున్నాను. గ్రామసభ ముందు ప్రతి ఏడూ జమాఖర్చుతో పాటు గోతి లోతు కూడా చదవాలంటున్నాను. తవ్వక తప్పని పేదరికం ఒకపక్క, తవ్వితే జైలు ఇంకోపక్క, మధ్యలో బినామీ. ఇప్పుడున్నది ఇదే. దీనికంటే వెలుగులో తవ్వడం మేలు.

మనం అడగాల్సింది ఇది

1. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఇప్పటిదాకా జరిగిన ప్రతి సర్వే నివేదిక ఆ గ్రామసభకి తెలుగులో అందాలి. గ్రామసభలో కువి, కోయ, ఆదివాసీ ఒరియా, ఏది మాట్లాడితే అందులో చదివి వినిపించాలి.

2. జిల్లా సర్వే నివేదికని గ్రామసభలో పెట్టకుండా ఖరారు చెయ్యొద్దు. 2016 జనవరి 15 నోటిఫికేషన్ ప్రకారం ఇసుకకీ, చిన్న ఖనిజాలకీ ఆ నివేదిక తప్పనిసరి, అభ్యంతరాల కోసం 21 రోజులు అందరికీ అందుబాటులో ఉంచాలి. జిల్లా వెబ్‌సైట్లో పడేస్తే సిగ్నల్ లేని ఊరికి అందుబాటులో ఉంచినట్టా?

3. ఆదివాసీ సొసైటీల దరఖాస్తులకి కావాల్సిన నిల్వ అంచనా, మైనింగ్ ప్లాన్, నమూనా పరీక్షలు ప్రభుత్వమే ఉచితంగా చెయ్యాలి. డబ్బు లేదనొద్దు. 2015 సవరణతో అన్వేషణ నిధికని రాయల్టీ మీద 2 శాతం వసూలు మొదలుపెట్టారు. జిల్లా ఖనిజ నిధి వేరే ఉంది. పెద్ద కంపెనీల కోసం వెతికే డబ్బు సొసైటీల కోసం ఎందుకు వెతకదు?

4. ప్రభుత్వ కార్పొరేషన్ పేరుతో లీజు తీసుకుని లోపల ప్రైవేటు కాంట్రాక్టర్‌ని దించే పద్ధతి ఆపాలి. సమత తీర్పు తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చే పద్ధతి అది. తవ్వేది ఎవరైతే లీజు వాళ్లదే కావాలి.

5. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం నీళ్లకి, బడులకి, ఆసుపత్రులకి, రోడ్లకి పెట్టాలని సమత తీర్పులో ఉంది. ఎవరు పెట్టారో, ఎంత పెట్టారో ఊరూరా బోర్డు రాయాలి.

6. ప్రతి ఐటీడీఏలో ఒక భూగర్భ శాస్త్రవేత్త ఉండాలి. మన పిల్లల్లోంచే తయారవ్వాలి. సర్వేవాళ్ల సొంత శిక్షణ సంస్థ హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది, సముద్రాల అవతల లేదు.

చివరిగా, ఇది చదువుతున్న మీకు ఒక పని. ఈసారి మీ ఊరికి సుత్తి, సంచి పట్టుకుని ఎవరైనా వస్తే రాళ్లు విసరకండి. సంచులు కూడా ఊరికే మొయ్యకండి. చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడగండి: "ఎవరు పంపారు? ఏ కాగితం మీద వచ్చావు? గ్రామసభకి చెప్పావా? ఏం వెతుకుతున్నావు? దొరికింది ఎప్పుడు, ఏ భాషలో మాకు చెప్తావు?" జవాబులు గ్రామసభ పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోండి. జవాబు చెప్పినవాడికి దారి చూపించండి. చెప్పనివాడికి వచ్చిన దారే చూపించండి.

ఖోండలైట్‌కి పేరిచ్చింది మనం. దాని లెక్క కూడా మన దగ్గరే ఉండాలి.

మా ఊళ్లో మా రాజ్యం! జల్, జంగిల్, జమీన్ మావే. వాటి మ్యాపు కూడా మాదే!